ఆరు సూదుల సమానత్వం

పట్టపగలు ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరు మొత్తాన్ని చీకటి చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఈ వాక్యాలు రాస్తున్నవాడు వాడే. ఘోరమేమిటంటే ఆ పని సైన్సు కోసం చేశాను. మరీ ఘోరం, తలుచుకుంటే ఈనాటికీ నాకు గర్వంగానే ఉంటుంది.

అవి అమీర్‌పేటలో ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలుస్తున్న రోజులు. మెకానికల్ డిప్లొమా చేసి, కాకినాడలో చేపల పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో కొన్నాళ్లు చేతులు నల్లబరుచుకున్న నేను కూడా, అందరిలాగే ఒక కోర్సులో చేరి యూసుఫ్‌గూడలో మా అక్క ఇంట్లో దిగాను. పొద్దున కంప్యూటరు, సాయంత్రం హేతువాద సభలు. మిగిలిన సమయంలో దొరికినవాడితో దొరికినచోట వాదన. మా వీధి పాలాయన నన్ను చూస్తే పాలు గుమ్మంలో పెట్టి పరుగెత్తేవాడు.

మా బావ మల్లేశానికి షూటింగులకు కరెంటు ఇచ్చే జనరేటర్ వ్యాను ఉండేది. అందులోని ఇంజను ఒకప్పుడు సముద్రంలో పడవను నడిపింది. నా సలహా మీదే దాన్ని కాకినాడ నుంచి తెప్పించాడు. అలలు దాటిన ఇంజను జూబ్లీహిల్స్ ఎత్తులకు భయపడుతుందా అని నేనే ఉపన్యాసం ఇచ్చాను. భయపడలేదు కానీ, బావకు పెద్ద షెడ్యూల్ దొరికిన మొదటి రోజునే నల్లగా పొగ కక్కి దగ్గడం మొదలుపెట్టింది.

ప్రొడక్షన్ మేనేజరు సత్తిబాబు గారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"దిష్టి తగిలిందండీ మల్లేశం గారూ. హీరో గారు మధ్యాహ్నం వస్తారు. ఈలోగా బాగుపడకపోతే వేరే వ్యాను పిలిచేస్తాను. తర్వాత నన్ను అనకండి."

"దిష్టికి పొగ రాదండీ. మసిపట్టిన ఇంజెక్టరుకు వస్తుంది" అన్నాను.

బావ నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. "నీకు దండం పెడ్త బామ్మర్ది, వాదం గీడ వద్దు. ఈ పని పోతే మీ అక్క నన్ను ఇంట్లకు రానియ్యది."

"ఫికర్ చెయ్యకు బావ. నేనున్న గద!"

"నువ్వున్నవనే ఫికరు."

ఇంజెక్టరంటే డీజిలును సన్నటి తుంపరగా సిలిండరులోకి చిమ్మే పరికరం. దాని కొసన ఒక నాజిల్, నాజిల్ లోపల వెంట్రుకంత సందు కూడా లేకుండా ఆడే ఒక సూది. ఆరింటినీ ఊడదీశాను. నాజిళ్ల నిండా మసి, ఏళ్లుగా తోమని పళ్లలా.

"ఏ సూది దేంట్లదో తెల్వాలె గద? వేర్వేరు గిన్నెలల్ల పెడ్దామా?" అన్నాడు బావ.

గిన్నెలు వేరంటే ఊరుకునే రక్తమా నాది? పానా ఎత్తి పట్టుకుని లేచి నిలబడ్డాను.

"వేరే గిన్నెలు, వేరే గ్లాసులు! గిట్లనే గద బావ దేశం ఆగమైంది! ఈడ ఎక్కువ తక్కువ లేదు. అన్నీ ఒకటే తాంబాళంల!"

చుట్టూ ఉన్న లైట్‌మెన్లు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆరు సూదుల్నీ ఆరు నాజిళ్లనూ ఒకే తాంబాళంలో డీజిలు పోసి కలిపి కడిగాను. ఏది చేతికొస్తే అది దేంట్లో దూరితే దాంట్లో దూర్చి బిగించాను. బిగువుగా ఉన్నవాటిని కాస్త నెట్టాను కూడా.

"కొట్టు బావ సెల్ఫ్!"

కొట్టాడు. అంతకుముందు నల్ల పొగ ఒక్కటే వచ్చేది. ఇప్పుడు తెల్లదీ నల్లదీ వంతులవారీగా వచ్చాయి. రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టు చప్పుడు. తెల్లబట్టల్లో టీ తాగుతున్న డాన్సర్లు గ్లాసులు పారేసి పరుగు. వ్యాను వణికిన వణుకుకు బావ నోట్లోని బీడీ కిందపడింది.

"సమానత్వం గిట్లుంటదా బామ్మర్ది?"

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం నవ్వు ఆపి నా బుర్రను మెచ్చుకోవాలి. నేను కంగారుపడలేదు. కూర్చుని ఆలోచించాను. కడగకముందు బాగా లేకపోయినా నడిచింది. కడిగాక చెడింది. శుభ్రతకు చెడే గుణం లేదు. భాగాలు అవే, మారింది వాటి చోటు. అంటే ప్రతి సూదినీ దాని నాజిల్‌తోనే కలిపి నూరి తయారుచేశారన్నమాట! మనుషులకు పుట్టుకతో జోడీలు లేవు. సూదులకు ఫ్యాక్టరీలోనే ఉన్నాయి. మనుషుల సిద్ధాంతాన్ని ఇనుముకు పూసినందుకు సిద్ధాంతం చెడలేదు, ఇంజను చెడింది.

మళ్లీ ఊడదీశాను. ఒక్కో సూదిని డీజిలులో ముంచి, నాజిల్‌లోంచి కొద్దిగా పైకి లాగి వదిలాను. జోడీ కానిది ఇరుక్కుంటుంది, లేదా టపీమని పడుతుంది. జోడీ అయినది తన బరువుతో తాను నెమ్మదిగా, పట్టుచీర జారినట్టు దిగుతుంది. ఆరు జోడీలూ దొరికాయి. సెల్ఫ్ కొడితే ఆ ఇంజను పాడిన పాట! పొగ లేదు, దగ్గు లేదు. ఫ్లోరులో లైట్లు వెలిగాయి. హీరో వచ్చాడు, షాట్ మొదలైంది. బావ నన్ను కావలించుకున్నాడు.

అక్కడ ఆగిపోయి ఉంటే నేను మహానుభావుణ్ణి.

సత్తిబాబు గారు వ్యాను ముందు నిలబడి, దాన్ని తాకిన చేతులు కళ్లకు అద్దుకుంటున్నారు. నేను పనిలో ఉండగా రేడియేటరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టించారట.

"చూశారా మేష్టారూ? కట్టగానే పట్టేసింది."

నా ఒళ్లు మండింది. దండ తెంపి పారేశాను. "ఇప్పుడు లేదు. నడుస్తోందిగా?"

"స్టార్టయ్యేటప్పుడు ఉందిగా అండీ."

"అయితే లేకుండా స్టార్ట్ చేసి చూపిస్తాను!"

"బామ్మర్దీ..." అని బావ చెయ్యి చాచేలోపే ఇంజను ఆపే లివర్ లాగేశాను.

లోపల హీరో తల్లి పాదాల మీద పడి, గ్లిజరిన్ లేకుండా, నిజంగా ఏడుస్తున్నాడట. ఫ్లోరు చీకటైంది. అరుపులు. నేను సెల్ఫ్ కొట్టాను. ఒక్క దెబ్బకు ఇంజను అందుకుంది! దండ లేదు, మంత్రం లేదు. విజయగర్వంతో వెనక్కి తిరిగేసరికి యూనిట్ అంతా బయట నిలబడి ఉంది.

సత్తిబాబు గారు చాలా శాంతంగా అన్నారు: "నిమ్మకాయలు పీకారు. లైట్లు పోయాయి. అందరం చూశాం. ఇంకేం నిరూపణ కావాలండీ?"

ఎన్నో సభల్లో ఎందరినో మట్టికరిపించిన నేను, తెంపి పారేసిన దండ కోసం కిందికి వంగాను.

వ్యానును ఉంచారు, ఒక షరతు మీద. రోజూ పొద్దున దండ నేనే, నా చేత్తోనే కట్టాలి. బావ నావైపు చూసిన చూపులో మా అక్క సంసారం మొత్తం కనిపించింది. కట్టాను. షెడ్యూల్ అయ్యేదాకా ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. దాంతో శ్రీనగర్ కాలనీ దాకా పేరు పాకింది. "మీ చెయ్యి మంచిదటండీ" అంటూ మిగతా జనరేటర్ వ్యాన్లవాళ్లు నిమ్మకాయలు పట్టుకొచ్చి నా ముందు నిలబడ్డారు. ఇంజెక్టర్లు కడిగించుకుంటేనే దండ కడతానని నేనూ మొండికేశాను. ఆ చుట్టుపక్కల పొగ తగ్గిందంటే పుణ్యమెవరిదో మీరే తేల్చండి. వాళ్లు ఎలాగూ నిమ్మకాయలదే అన్నారు.

కనుక, డీజిలు అంటిన ఈ కుడిచేతిని గుండెల మీద పెట్టుకుని అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: హీరో ఏడుస్తుండగా ఇక ఈ జన్మలో ఏ సత్యాన్నీ నిరూపించను. ఆయన కళ్లు తుడుచుకునేదాకా ఆగుతాను.