చెవి మేస్త్రి వైద్యం

కుట్టుమిషన్ల మేస్త్రికి కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాల మీదే మిగిలిపోయింది. జనం నోళ్లలో ఆయన చెవి మేస్త్రి. మిషన్ తొక్కమని చెప్పి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. షటిల్ అరిగిందా, సూదికడ్డీ వదులైందా, పళ్లచక్రంలో దారప్పోగు ఇరుక్కుందా, విని చెప్తాడు. చెప్పాకే విప్పుతాడు. ఈ విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాడైన మిషన్‌ను బాగున్నదాని పక్కన పెట్టి, ఏది ఎలా మోగుతుందో విని విని పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఇల్లు నడిచింది ఆ చెవి మీదే.

ఒక పొద్దున ఆ చెవి మొండికేసింది.

బట్టలు కుట్టే షెడ్డులో మూడో వరుస మిషన్ దారం తెంపుతోందని పిలిచారు. మేస్త్రి పిడి చెవికి పెట్టాడు. చప్పుడైతే వినిపిస్తోంది, అందులో కబురు లేదు. పక్క మిషన్‌కి ఆనించి చూశాడు. అదీ అంతే. స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేశాడు.

"రేపొచ్చి చూస్తా" అన్నాడు.

షెడ్డు యజమానురాలు నవ్వింది. "రేపా? నీ నోట ఆ మాట వినడం ఇదే మొదలు మేస్త్రీ! చెవికి సెలవిచ్చావా ఏంటి?"

ఆ రేపు రాలేదు. అప్పటికే రెండు నెలలుగా ఆయనకు తిండి సయించడం లేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చి మంచం దిగబుద్ధి కావడం లేదు. స్నానానికి లేవడమంటే కొండ ఎక్కినంత పని. ఇదంతా ఆయన చెవి నెత్తినే రుద్దాడు. చెవి పోతోంది కాబట్టే ఒంట్లో బాగోలేదని తేల్చుకున్నాడు. చెవి పోతే పని పోయినట్టే. పని పోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆయనకు తోచలేదు.

భార్య వెంటపడి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చీమ నడిచినంత చప్పుడుకు కూడా మేస్త్రి నొక్కాడు.

"నీ చెవులు నా చెవులకంటే నయం" అన్నాడు డాక్టరు, కాగితం మీద గీతలు చూస్తూ.

"మీ మిషన్ తప్పు చూపిస్తోందేమో. ఓసారి విప్పి చూడనా?"

"దాని జోలికి రాకు. రాత్రి నిద్ర పడుతోందా?"

"ఎక్కడండీ!" భార్య అందుకుంది. "తిండీ లేదు, మాటా లేదు. మొన్న మా చెల్లెలొచ్చి గంటసేపు వాగి వెళ్తే, కనీసం విసుక్కోలేదు కూడా. అప్పుడే నాకు భయమేసింది."

డాక్టరు నవ్వలేదు. పక్క సందులో ఉన్న మనసు డాక్టరమ్మకు చీటీ రాసిచ్చాడు.

మేస్త్రి ముఖం మాడిపోయింది. "అంటే, నాకు పిచ్చంటారా?"

"పంటి డాక్టరు దగ్గరికి పంపితే పళ్లన్నీ ఊడాయనా? వెళ్లిరా."

డాక్టరమ్మ వయసులో చిన్నది. అడగాల్సినవన్నీ తొందర లేకుండా అడిగింది. "బతకాలనిపించడం లేదా?" అని కూడా సూటిగానే అడిగింది. "లేవాలనిపించట్లేదమ్మా. అంతవరకే" అన్నాడు. దీన్ని డిప్రెషన్ అంటారనీ, ఇది జబ్బేననీ, నయమవుతుందనీ చెప్పింది. రోజుకో మాత్ర రాసింది. గుణం తెలియడానికి నెలైనా పట్టొచ్చంది.

మేస్త్రి తప్పటడుగు వేసింది ఇక్కడే. కుట్టు సరిగా పడకపోతే టెన్షన్ స్క్రూ పావు చుట్టు తిప్పి, గుడ్డముక్క మీద కుట్టి చూసి, మళ్లీ పావు చుట్టు తిప్పడం ఆయన చేతికి అలవాటు. వారం తిరిగినా మాత్ర పని చేయలేదు. పైగా పొద్దున్నే మత్తుగా ఉంది. బ్లేడుతో మాత్రను నాలుగు ముక్కలు చేశాడు. ఒకరోజు ముక్క, ఒకరోజు మూడు ముక్కలు, పనికి వెళ్లాలనుకున్న రోజు అసలే లేదు. డాక్టరమ్మ అడిగితే "వేసుకుంటున్నా" అన్నాడు. గుణం లేదు కదా అని ఆమె మోతాదు పెంచింది. ఆయన ఆ మాత్రల్నీ కోశాడు.

మూడోసారి వెళ్లినప్పుడు భార్య సంచిలోంచి ఒక రేకుడబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో మాత్రముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి.

"వైద్యుడి దగ్గర దాపరికం పనికిరాదంటారు కదమ్మా. ఈయన నా దగ్గరా దాచాడు. బాబిన్ల పెట్టె తుడుస్తుంటే దొరికింది."

డాక్టరమ్మ ఒక ముక్క వేలి మీద పెట్టుకుని చూసింది. "ఇంత సమానంగా కోయడం నావల్ల కాదు" అంది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "మీరు రిపేరు చేసిచ్చిన మిషన్‌ని ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి, రోజుకో స్క్రూ తిప్పి, మళ్లీ తెచ్చి నేనేం ముట్టుకోలేదంటే ఏం చేస్తారు?"

"అలాంటివాళ్లని గుమ్మం ఎక్కనివ్వను."

అనేశాక గానీ ఆయనకు తను ఏమన్నాడో వెలగలేదు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఎక్కనిస్తాలెండి" అంది డాక్టరమ్మ. "కానీ ఇప్పటిదాకా ఆ మందు మీకు పడలేదో, అసలు ఒంటికి చేరలేదో నాకు తెలీదు. మళ్లీ మొదటి నుంచి చూద్దాం. స్క్రూ ఒక్కరమే తిప్పుదాం, అది నేను. ఎలా మోగుతోందో చెప్పడం మీ పని."

ఈ పంపకం మేస్త్రికి నచ్చింది. పనిలో పద్ధతి ఉన్న మనిషి మాట ఆయన వింటాడు. నెలంతా తప్పకుండా మింగాడు. నిద్ర పట్టింది గానీ చెయ్యి వణకసాగింది, సూదిలో దారం ఎక్కలేదు. ఈసారి దాచకుండా వెళ్లి వణికే చెయ్యి చాపి చూపించాడు. ఆమె ఆ మందును మెల్లగా తగ్గించి ఇంకొకటి మొదలుపెట్టింది. వారానికోసారి మాట్లాడటానికి, కౌన్సెలింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికీ పంపింది. మొదటి రెండు వారాలూ మేస్త్రి అక్కడ గోడ గడియారంతోనే కాలక్షేపం చేశాడు. మూడో వారం, పని రాకపోతే తానెవరన్న భయాన్ని నోరు తెరిచి చెప్పాడు. చెప్పాక ఆకలేసింది.

కొత్త మందు మొదలై ఐదు వారాలైంది. ఒక మధ్యాహ్నం భోజనం చేస్తూ మేస్త్రి ముద్ద మధ్యలో ఆపి తల పైకెత్తాడు.

"ఏమే, ఆ ఫ్యాన్ బేరింగ్ పోయేలా ఉంది. వినబడట్లేదా?"

భార్యకు ఏమీ వినబడలేదు. ఉన్నచోటే చతికిలబడి కళ్లొత్తుకుంది.

"ఫ్యాన్ కోసం ఏడుస్తావేంటే?"

"నా ఇష్టం. నా ఫ్యాను, నా ఏడుపు. మీరు తినండి."

గుణం కనిపించింది కదా, ఆపేయొచ్చా అని ఆ వారం డాక్టరమ్మను అడిగాడు. నెలల తరబడి వాడాల్సిందే, ఆపేది కూడా మెల్లగానే అందామె. సరేనన్నాడు. ఇంటికొచ్చి స్టూలు వేసుకుని ఫ్యాన్ దింపాడు. బేరింగ్ నిజంగానే అరిగింది. కొత్తది వేసి, ఫ్యాన్ మళ్లీ బిగించి, మోచేతుల దాకా నల్లటి జిడ్డుతో కిందికి దిగి, స్విచ్ వేసి దాని కిందే కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. ఆ గాలికే కునుకు పట్టేసింది. చేతులు కడుక్కోమని గదమాయించడానికి వచ్చిన భార్య, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.