ఆశీలు పాటలో వాటా

రైలు బెల్లా విస్టా దాటినా ద్వారకానాథ్ కుదురుగా కూర్చోలేదు. డ్రైవరు లేని ఆ సిడ్నీ మెట్రోలో ముందు అద్దం దగ్గర నిలబడి ఫోను తీయడం, జేబులో పెట్టడం, మళ్ళీ తీయడం. మార్టిన్ ప్లేసులో వాటాదారుల మీటింగు మధ్యాహ్నానికి. బెజవాడ క్యాలెండరు చూసి రాహుకాలం రాకముందే భార్య జ్ఞానప్రసూన ఇంట్లోంచి తరిమేసింది. సిడ్నీ సూర్యుడికి బెజవాడ క్యాలెండరుతో ఏం పని అని ఆవిణ్ణి అడిగే ధైర్యం వాళ్ళుండే కెల్లీవిల్‌లో ఎవరికీ లేదు.

"అంకుల్! నేను, జోజయ్యని. ఆంటీకి గోంగూర పచ్చడి పంపేది మేమే."

వృద్ధాశ్రమంలో పనిచేస్తాడు జోజయ్య. అతని భార్య మరియరాణి పచ్చళ్ళు పట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది.

"సిటీకా అంకుల్?"

"మార్టిన్ ప్లేస్. వ్యాపారం ఎలా ఉందోయ్?"

"ఏం చెప్పమంటారు! మా సైట్‌లో ఒకసారి కొన్నోళ్ళకి అడ్రస్ దానంతటదే పడుద్ది కదా. ఆ ఐడియాకి పేటెంట్ మాది, పదిహేను వేల డాలర్లు కట్టు, లేదంటే కోర్టుకి రా అని ఎవరో లాయర్ నోటీస్ పంపించారు. సైట్ మూసేద్దామని రాణి ఒకటే ఏడుపు."

ఆ పేటెంటు కొన్న చిన్న కంపెనీ ద్వారకానాథ్ క్లాస్‌మేట్ విజయభాస్కర్‌ది. తన రిటైర్మెంటు డబ్బులో సగం అందులోనే ఉంది. మన బ్యాచ్ వాడు చెప్పాక కాగితాలు చదవడం కూడానా? పెద్ద పెద్ద ఆన్‌లైన్ కంపెనీల మెడలు వంచుతామన్నాడు విజయభాస్కర్. గోంగూర ఊసే ఎత్తలేదు.

ఎన్ని దేశాలు తిరిగినా సంత లేని ఊరు కనపడదు, ఆశీలు అడిగేవాడు లేని సంతా కనపడదు. వాడు పంట పండించడు, గంప మొయ్యడు. వేలంలో పాట పాడుకుని, గంపకింత అని వసూలు చేసే హక్కు కొనుక్కుంటాడు. షావుకారు జోలికి పోడు. ఆకుకూరల ముసలమ్మ దగ్గర గొంతు పెంచుతాడు. చిన్నప్పుడు తెనాలి సంతలో అలాంటివాణ్ణి చూస్తే ద్వారకానాథ్‌కు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ పాటలో తనకూ వాటా ఉంది.

"చదువుకున్నోరు, మీరు చెప్పండంకుల్. కట్టేయమంటారా? ఫాదర్ గారు ప్రార్థన చేసుకోమన్నారు. చేస్తానే ఉన్నాం, నోటీస్ మాత్రం కరగట్లేదు."

చెర్రీబ్రూక్ వచ్చింది, పోయింది. కోర్టుకు వెళ్ళడానికి కంపెనీ దగ్గర డబ్బు లేదు. ఇవాళ్టి మీటింగు దానికోసమే. చిన్న వ్యాపారులు భయపడి కట్టేదే రాబడి. ఒకడు కట్టడం మానేస్తే ఆ మాట ఊరంతా పాకుతుంది. దాంతో తన సగం డబ్బూ గంగలో కలిసినట్టే.

ఫోను మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"కట్టకు," అన్నాడు ద్వారకానాథ్, అద్దంలోకి చూస్తూ.

"కోర్టుకి లాగితే?"

"లాగరు. లాగడానికి వాళ్ళ దగ్గర పైసా లేదు. నువ్వు భయపడితేనే వాళ్ళకి భోజనం. ఎవరైనా అడిగితే వాళ్ళకీ ఇదే చెప్పు."

జోజయ్య తేరిపార చూశాడు. "ఇవన్నీ మీకెలా తెలుసంకుల్?"

ఎప్పింగ్‌లో తలుపులు తెరుచుకున్నాయి. ద్వారకానాథ్ దిగిపోయాడు.

"అంకుల్, మార్టిన్ ప్లేస్ ఇంకా చాలా దూరం!"

వెనక్కి తిరగకుండా, మెట్లవైపు నడిచాడు.