ఆయన చుట్టిన పందిరి

మా ఆయన ట్రైలర్ కొన్నప్పుడు నేను దానికి సవతి అని పేరు పెట్టాను. శనివారం వస్తే చాలు, దాని ఒళ్లు తుడవడం, టైర్లు నొక్కి చూడడం, తలుపు బందులకు నూనె పెట్టడం. నా మోకాలికి మందు రాయమంటే మాత్రం ఆయనకి వినపడేది కాదు. బండి వెనక తగిలించుకుని వెళ్లే చిన్న ఇల్లు అది. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, నేను పక్కకి తిరిగితే మోచేయి తగిలేంత వంటగది. టెక్సస్‌లో మేముండే ప్లేనోలో మా కాలనీవాళ్లు అలాంటివి ఇంటి ముందు పెట్టనివ్వరు కాబట్టి ఊరి చివర అద్దె స్థలంలో ఉంచేవాళ్లం. సవతి చేత వేరు కాపురం పెట్టించింది మా ఆవిడ అని ఆయన చర్చిలో అందరికీ చెప్పి నవ్వేవారు.

ఆ ట్రైలర్ మొత్తంలో ఆయనకి ప్రాణం ఆనింగ్. పక్క గోడకి పైభాగాన చుట్టి ఉండే గుడ్డ పందిరి అది. కొక్కెం ఉన్న కర్రతో పట్టుకుని లాగితే చుట్ట విప్పుకుంటూ బయటికి వస్తుంది, రెండు పక్కలా ఉన్న అల్యూమినియం ఊచలు దాన్ని మోస్తాయి. బటన్ నొక్కితే తెరుచుకునేవి కూడా ఉన్నాయి గాని, ఆయనకి చేత్తో లాగేదే కావాల్సొచ్చింది. తెరవడం రెండు నిమిషాల పని. మూయడం మాత్రం ఒక పెద్ద కార్యం. నిచ్చెన ఎక్కి మెత్తటి చీపురుతో పైనున్న ఆకులు, దుమ్ము ఊడ్చేవారు. పాత తువ్వాలుతో తడి తుడిచేవారు. ఎండలో కాసేపు ఆరనిచ్చి అప్పుడు చుట్టేవారు. ఒక్క ఆకు లోపల ఉండిపోయినా గుడ్డ మీద మరక పడిపోద్ది, ఇంక వదల్దు అనేవారు. నేను బియ్యంలో రాళ్లు కూడా అంత శ్రద్ధగా ఏరి ఎరగను. ప్రయాణానికి ఆలస్యమవుతోందని కార్లో కూర్చుని హారన్ కొట్టినా ఆయన చీపురు ఆగేది కాదు.

ఆయన గుండెపోటుతో పోయారు. ఆఫీస్ పార్కింగ్‌లో, కార్ దగ్గరికి నడుస్తూ. అంతకు కొద్దిరోజుల ముందే, నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల్లో నేను, ఆయన, మా అమ్మాయి ట్రైలర్ తీసుకుని ఓక్లహోమా సరిహద్దు దగ్గరున్న సరస్సుకి వెళ్లొచ్చాం. పరామర్శకి వచ్చినవాళ్లందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. ముందు ఏమీ తెలియలేదా? ఆయాసపడ్డారా, నీరసంగా ఉందన్నారా? లేదండీ, బాగానే ఉన్నారు అని అందరికీ ఒకే జవాబు చెప్పాను. చెప్పాను గాని, ఆ సెలవుల్ని లోపల్లోపల తిరగేస్తూనే ఉన్నాను. ఒకవేళ నొప్పి ఉండి, మా సంతోషం పాడుచేయడం ఇష్టంలేక దాచుకున్నారా? ఆ ఏడాదంతా నన్ను తినేసిన ప్రశ్న అదే.

ఏడాది తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. మా సంఘాల్లో అది ఆనవాయితీ. పోయినవాళ్లని తలుచుకుని నాలుగు పాటలు పాడుకుని, పాస్టర్ అయ్యగారు వాక్యం చెప్పి, అందరూ కలిసి భోంచేస్తారు. డిసెంబర్ కావడంతో చర్చి హాలు నిండా పిల్లల క్రిస్మస్ నాటకం రిహార్సల్స్. ఇంట్లో పెడదామనుకుంటుంటే మా అమ్మాయి సరస్సు దగ్గర చేద్దామంది. అది యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. ట్రైలర్ తగిలించడం, వెనక్కి తిప్పి పెట్టడం వాళ్ల నాన్న దానికి మీసాలొచ్చిన మగాడికి నేర్పినట్టు నేర్పారు. సరే అన్నాను.

అప్పుడు మొదలైంది ఆనింగ్ గొడవ. మా చర్చిలో పెద్దక్క ఒకావిడ ఉంది. మా వైపు, గోదావరి జిల్లా మనిషే. పెళ్లికైనా, చావుకైనా, వంట దగ్గరికి ముందొచ్చేది ఆవిడే. ట్రైలర్‌కి పందిరి ఉంది కదా, అది వేస్తే షామియానా ఖర్చు లేదు అని ఆవిడే తీర్మానించేసింది. మా ఊళ్లో నలుగురు గుమ్మంలోకి వస్తున్నారంటే ముందు నెత్తిమీద గుడ్డ లేవాలి. తర్వాతే కుర్చీలు, తర్వాతే కాఫీలు. నాకూ తెలుసు.

కానీ నేను ఒప్పుకోలేదు. చలికాలంలో ఆనింగ్ తెరవొచ్చా అని ఇంటర్నెట్‌లో వెతికి, చదివినదంతా ఆవిడకి ఫోన్‌లో అప్పజెప్పాను. గాలి లేకుండా, పొడిగా ఉంటే ఫరవాలేదన్నవాళ్లు ఉన్నారు. చలికి గుడ్డ బిర్రబిగుసుకుంటుందని, చుట్టలో తడి ఉండి గడ్డకడితే లాగినప్పుడు చిరుగుతుందని, మంచు పడితే ఆ బరువుకి ఊచలు వంగిపోతాయని భయపెట్టినవాళ్లూ ఉన్నారు. నేను రెండో రకం వాళ్ల మాటలే చెప్పాను.

నిజానికి చలి ఒక సాకు. ఆ చుట్ట చుట్టింది ఆయన. ఇంట్లో ఆయన మడిచిపెట్టిన చొక్కాలు విప్పి ఇచ్చేశాను. ఆయన బిగించిన సీసాల మూతలు తీసి వాడేశాను. ఆయన చేతులు చేసిన పని చేసినట్టే ఉండిపోయింది ఇదొక్కటే. ఒకసారి విప్పితే మళ్లీ ఆయన వచ్చి చుట్టరు. అందుకని నేను వద్దన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, నేను తూర్పంటే పడమరనే మా అమ్మాయి కూడా నాకన్నా గట్టిగా వద్దంది. దానికీ నా బాధే అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రానికి వెళ్లి దిగాం. శనివారం పొద్దున్నే తలుపు తీసి మెట్టు మీదే ఆగిపోయాను. ప్రపంచమంతా తెల్లగా ఉంది. మంచు కురవలేదు. సరస్సు మీదనుంచి వచ్చిన పొగమంచు రాత్రంతా కొమ్మకొమ్మకీ పట్టి అక్కడే గడ్డకట్టింది. గడ్డిపరకల మీద, పిక్నిక్ బల్ల మీద, పక్కనున్న కాటన్‌వుడ్ చెట్టు చిట్టచివరి రెమ్మ వరకు, ఒక్కదాన్నీ వదలకుండా తెల్లటి ముళ్లు మొలిచాయి. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. అందులోంచి గూడబాతులు ఒక్కొక్కటే ఈదుకుంటూ బయటికి వచ్చాయి, చిన్నప్పుడు కొల్లేరులో చూసినవాటిలాంటివే, సంచీ ముక్కులవి. ఎక్కడా చప్పుడు లేదు. నేను ప్రతి ఆదివారం సృష్టి గురించి గొంతెత్తి పాడే మనిషిని. ఆ పూట మాత్రం ఆ పాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా ఇదంతా ఇలాగే జరిగి ఉండేది కదా అనిపించింది. చెప్పులు లేకుండా నిలబడ్డానని కాళ్లు మొద్దుబారాకగాని తెలియలేదు.

ఆనింగ్ చుట్ట మీద కూడా అదే తెలుపు. చూశావా, గడ్డకట్టింది, ఇంక తెరిచే ప్రశ్నే లేదు అన్నాను. మా అమ్మాయి తలూపింది. ఇద్దరికీ మనసు తేలికపడింది.

పది దాటాక ఎండ వచ్చింది. పదకొండుకి కార్లు రావడం మొదలైంది. పెద్దక్క మడత కుర్చీలు, పులిహోర, ఒక బకెట్టంత టీ గిన్నె దింపించింది. కుర్చీలు ట్రైలర్ ముందు వేసి, పైకి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

“అయ్యగారొచ్చేత్తన్నారు. నెత్తి మీద గుడ్డముక్క లేకుండా ఆయన్నెక్కడ కూకోబెడతావే? ఎవరూ లేనోళ్లింటికొచ్చినట్టుంటాది.”

ఆ చివరి మాట నాకు తగిలింది. అంతలో అయ్యగారి కార్ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నెత్తిన మంకీ క్యాప్, చంకలో బైబిలు. దిగి, ఎక్కడికి రావాలో తెలియక ఖాళీ ఆకాశం కింద నిలబడిపోయారు. కొమ్మల మీద కరిగిన మంచు ఆయన భుజం మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆయన పక్కన ఇంకో పదిమంది, అందరూ నా గుమ్మం ముందే, అందరూ అలా నిలబడే. మా ఆయన ఉంటే ఈ దృశ్యం ఒక్క నిమిషం సహించేవారు కాదు. నేను చుట్టని తాకి చూశాను. ఎండ తగిలి తెలుపంతా కరిగిపోయింది. గుడ్డ నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. గాలి బొత్తిగా లేదు. నా సాకులన్నీ అయిపోయాయి.

మా అమ్మాయిని తెరవమన్నాను. అది కదల్లేదు. “మమ్మీ, ప్లీజ్. వద్దు,” అంది. దాని కళ్లలో నీళ్లు చూసి నేను ఇంక బలవంతపెట్టలేదు. కర్ర నేనే తీసుకున్నాను. అన్నేళ్లలో ఆ కర్ర నేను ముట్టుకోవడం అదే మొదలు. కొక్కెం తగిలించి, ప్రభువా అనుకుని లాగాను. లోపల ఎక్కడో చిన్న చప్పుడుతో గుడ్డ పొర మీద నుంచి పొర విడిపోయింది. చిరగలేదు. ఇంకా లాగాను. పందిరి నా మీదికి వచ్చేసింది.

దానితోపాటు ఆకులు వచ్చాయి. వాలుగా ఉన్న గుడ్డ మీంచి జారి, నా తల మీద, భుజాల మీద, శాలువా మడతల్లో పడ్డాయి. ఒకటి రెండు కాదు, దోసిళ్లతో పోసినన్ని. కాటన్‌వుడ్ ఆకులు. ఏడాదిపాటు చీకట్లో ఉండి కూడా వాటి పసుపు పోలేదు. చుట్టూ ఇంకా తెలుపు వదలని చెట్లు, నా మీద పసుపు ఆకులు. అయ్యగారు మంకీ క్యాప్ తీసేశారు.

నేను శాలువా మడతలోంచి ఒక ఆకు తీసి చూశాను. ఒక్క ఆకుని లోపలికి పోనివ్వని మనిషి ఇన్ని ఆకులు ఎలా వదిలేశారు? ఊడ్చే ఓపిక లేకే కదా. నిచ్చెన ఎక్కలేకే కదా. అంటే అప్పటికే నొప్పి ఉంది. నేను లోపల టీ పెట్టుకుంటూ ఉన్నాను, ఆయన ఇక్కడ గుండె పట్టుకుని నిలబడ్డారు. ఏడాదిగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు నా నెత్తిమీదే పడిందనుకున్నాను. కుర్చీలో కూలబడి, ఆయనకి అప్పుడే బాగోలేదు, ఆయనకి అప్పుడే బాగోలేదు అని పైకే అంటున్నాను.

మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “నో మమ్మీ, నో. డాడీ బాగానే ఉన్నాడు. డాడీ కావాలనే చేశాడు.” ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ చెప్పింది. “నేను బ్రూమ్ తెచ్చి ఇస్తే వద్దన్నాడు. ఇంకా కింద ఉన్న లీవ్స్ కూడా తీసి పైన వేశాడు. స్ప్రింగ్ బ్రేక్‌కి వచ్చినప్పుడు మమ్మీతో ఓపెన్ చేయిద్దాం, ప్రతిసారీ హారన్ కొట్టినందుకు పనిష్‌మెంట్ అన్నాడు. నాతో ప్రామిస్ చేయించుకున్నాడు, చెప్పొద్దని. ఎంత నవ్వాడో తెలుసా?”

అందుకే అది తెరవొద్దన్నది. తెరిస్తే వాళ్ల నాన్న ఆట అయిపోతుందని.

నేను దాని మొహం పట్టుకుని మళ్లీ అడిగాను. నవ్వాడా? నవ్వాడంది. నిచ్చెన ఎక్కాడా? రెండుసార్లు ఎక్కి దిగాడంది. ఏడాదిగా గుండెల మీద ఉన్నది ఏదో దిగిపోయింది. నేను ఏడ్చాను, నవ్వాను. అయ్యగారి ముందు, సంఘం ముందు, నెత్తిన ఆకులతో, దొంగసచ్చినోడు అని కూడా అన్నాను. పోయిన మనిషి ఏడాది తర్వాత వచ్చి నన్ను ఆటపట్టించి వెళ్లారు. ఇది ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అర్థం కావాలని కూడా లేదు.

మేం ఈ గొడవలో ఉండగా పెద్దక్క తనకి అలవాటైన పని తను చేసేసింది. మా ఊళ్లో పొయ్యి పందిరి కిందే కదా, గ్యాస్ స్టవ్ తెచ్చి ఆనింగ్ కింద పెట్టి, గిన్నెడు టీ మరిగించడం మొదలుపెట్టింది. ఆవిరంతా నేరుగా గుడ్డకి పట్టేసింది. చలిలో గుడ్డకి తడి తగలనివ్వకూడదని అన్నిచోట్లా రాశారు, ఆవిడ చేసింది సరిగ్గా అదే. అరవబోయి పైకి చూశాను. గుడ్డ తడిసేకొద్దీ దాని మీద ఆకులు పుడుతున్నాయి. ఏడాదిపాటు చుట్టలో నొక్కుకుని ఉన్న ప్రతి ఆకూ తన ముద్ర దించేసింది. గోధుమరంగులో, అంచులతో, ఈనెలతో సహా. ఆవిరి పాకినంతమేరా ఒక్కొక్కటే తేలి, వెనక ఎండకి మెరుస్తున్నాయి. నేను చూపిస్తే మా అమ్మాయి చూసింది. దాన్ని చూసి అందరూ తలలెత్తారు. అయ్యగారు కూడా చూసి, ప్రార్థన మొదలుపెట్టారు. ఆ రోజు కళ్లు మూసుకుని ప్రార్థించింది ఆయనొక్కరే అనుకుంటాను.

భోజనాలయ్యాక, ఎండ తగ్గకముందే మూసేయాలనుకున్నాం. మగవాళ్లు సాయానికి వచ్చారు గాని నేను, మా అమ్మాయి చాలన్నాం. అది నిచ్చెన పట్టుకుంది, నేను ఎక్కాను, మోకాలు మూలుగుతున్నా. పెద్దక్క ఆ మరకలకి ఏదో మందు ఉందని, బ్లీచ్ కలిపి రుద్దితే పోతుందని కింద నుంచి చెబుతోంది. ఆవిరి తడి చుక్క లేకుండా తువ్వాలుతో తుడిచాను. కాటన్‌వుడ్ మీంచి కొత్తగా రాలిన ఆకులు కొన్ని పైన పడి ఉన్నాయి. ఉంచేద్దామా మమ్మీ, డాడీలాగా, అంది మా అమ్మాయి.

వద్దన్నాను. చీపురు అడిగి తీసుకుని, మూల మూలా, ఒక్క ఆకు మిగలకుండా ఊడ్చాను. ఆయన మరకల్లో ఇంకెవరి మరకా కలవకూడదు.