బాకు పిడి తెల్లబడింది

మా ఇంట్లో ఒక పాత బాకు ఉంది. మా ఇంటి మగపిల్లలకైనా, ఆడపడుచుల కొడుకులకైనా పెళ్లంటే మొనకు నిమ్మకాయ గుచ్చి ఆ బాకునే చేతికివ్వాలి. దాని పిడి ఏనుగు దంతమని తాత చెప్పేవాడు. తాత చెప్పాక మా ఇంట్లో ఇక విచారణ ఉండదు. పెళ్లికొడుకులందరూ పసుపు చేతులతో పట్టుకుని పట్టుకుని ఆ పిడి మగ్గిన అరటితొక్క రంగుకు తిరిగింది. కడగాలని ఎవరికీ తోచలేదు.

రెండేళ్ల క్రితం అరసవల్లిలో అక్క పెద్దకొడుకు పెళ్లికి తీసుకెళ్లారు. తిరిగొచ్చాక చూస్తే పిడి తెల్లగా ఉంది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"సింతపండెట్టి తోమినాన్రా. పుట్టింటి వస్తువు మురిగ్గా పంపుతానేటి?" అంది.

నేను నమ్మలేదు. పాలవాడు చిక్కటి పాలు పోసినా ఎందుకు పోశాడా అని ఆలోచించే రకాన్ని నేను. బావకు పాత ఇత్తడి సామాన్లు, పాత తాళాలు పోగేసే పిచ్చి ఉంది. దంతం పిడి ఊడదీసి దాచుకుని, ఇంకేదో బిగించి పంపాడని మనసులో పడింది. పడ్డాక పోలేదు.

సూది ఎర్రగా కాల్చి పిడి అడుగున గుచ్చాను. కరగలేదు, ప్లాస్టిక్ కాదు. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. దంతానికైతే వలలా అల్లుకున్న సన్నగీతలుంటాయట, ఎముకకైతే చిన్న చిన్న చుక్కలుంటాయట. దీనికున్నవి చుక్కలే. తాత దంతమన్నాడు, ఇది ఎముక, కాబట్టి బావ మార్చేశాడు. మర్నాడే వాళ్లింటికెళ్లి, "పాత పిడి ఎక్కడుంది బావా?" అని మొహం మీదే అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. దొరికిపోయాడు గనకే వెళ్లాడనుకున్నాను. అప్పటినుంచీ రెండిళ్లకూ రాకపోకల్లేవు.

రుజువుతో పట్టుకుందామనే మొన్న బొబ్బిలి వెళ్లాను. అక్కడ వీణలు చేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. వయసులో ఉండగా వీణలకు దంతమూ, జింక కొమ్మూ పొదిగిన చెయ్యి ఆయనది. పిడిని కంటికి ఆనించుకుని చాలాసేపు తిప్పాడు.

"ఈ మేకులు ఎవులూ ఇప్పనేదు బాబూ. ఇత్తడి పట్టీతో పాటే అరిగిపోయినాయి. పట్టీ పక్కన సుక్కల్లో పసుపు సూడు. తోమితే పైది పోయినాది గానీ లోపలిది అలాగే ఉన్నాది."

"మరి దంతం?"

"దంతం ఎప్పుడూ కాదు. మొదట్నుంచీ ఎముకే."

తాత మీద కోపం రాలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అక్క ఫోన్‌లో చెప్పిన ఒక్క ముక్క నమ్మి ఉంటే సరిపోయేది.

వచ్చే వారం అక్క చిన్నకొడుకు పెళ్లి. బాకు అడగడానికి ఎవరూ రాలేదు. నేనే గుడ్డలో చుట్టుకుని అరసవల్లి వెళ్లాను. తప్పు నాదేనని గుమ్మంలోనే చెప్పేశాను. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. బావ లోపలికెళ్లి, ఒక కొత్త కత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"బజార్లో కొన్నాను. దీని పిడి పలాస్టిక్. మార్సేసినానని రేపెవుడూ నన్ను అడగడు," అన్నాడు. "కూకో, కాఫీ తాగి ఎల్దువు."

కాఫీ వచ్చింది. బాకు నా ఒళ్లోనే ఉండిపోయింది.