కాడతో పూలు

మా ఇంటి మామ పోయారు. తిరుత్తణి నుంచి ఫోను వచ్చిందని ఎదురింటి కాఫీపొడి అంగడాయన వీధిలోంచే కేకేసి చెప్పాడు. నేనప్పుడు బియ్యం కడుగుతున్నాను. వాటిని అలాగే వదిలేసి, తాళం వేసి, దొరికిన బస్సెక్కాను. నేను చేరేసరికి ఆయన్ను తీసుకుపోయారు. వాకిలి కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు.

మామ అంటే నాకు చుట్టం కాదు. తిరువళ్లూరులో మేము అద్దెకు దిగిన ఇంటాయన. ముందు వాటా మాది, వెనక వాటా ఆయనదీ ఆయన భార్యదీ. ఆమెను నేను అత్తా అన్నాను కాబట్టి ఆయన మామ అయ్యారు. 'మేము' అని గొప్పగా అన్నాను గాని, మా ఆయనకు బట్టల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం. నెలలో ఎక్కువ రోజులు ఆ ముందు వాటాలో నేనూ, నా రేడియో. పిల్లలు లేరు. అత్తకూ లేరు. ఆ ఒక్క సంగతి వల్లే ఆమె నన్ను దగ్గరికి తీసిందని నా అనుమానం.

మామకు బజారు వీధిలో మళిగ కడ ఉండేది. పప్పులూ ఉప్పులూ అమ్మే పచారీ కొట్టును మా వైపు అలాగే అంటాం. మనిషి మాట్లాడడం చాలా తక్కువ. కడలో తూకం వేసీ వేసీ మాటలు కూడా తూచే ఇచ్చేవారు, అందులోనూ కొసరు ఉండేది కాదు. ఇంట్లో మాటలన్నీ అత్తవే. రోజూ సాయంత్రం పూలామె గుమ్మం ముందు ఆగి "అమ్మా, పూవు!" అని అరిచేది. అత్త మూర కొలిపించుకుని, అది తక్కువుందని కాసేపు పోట్లాడి, ఓడిపోయి, ఆ పూలే తల్లో పెట్టుకునేది. ఓ తుంపు నాకూ తెచ్చేది.

డెబ్బైల చివర్లో అత్త కామెర్లతో పోయింది. కర్మలన్నీ అయ్యాక పూలామె మా గుమ్మం ముందు కేక వేయడం మానుకుంది. పక్కింటి దగ్గర ఆగేది, మా ఇల్లు వచ్చేసరికి తలవంచుకుని దాటిపోయేది. మంచి మనసుతోనే. అయినా ఆ దాటిపోవడం నాకే గుచ్చుకునేది, ఆయన సంగతి చెప్పాలా?

ఒక సాయంత్రం మామ వీధిలోకి వచ్చి ఆమెను ఆపారు.

"ఏమ్మా, మా ఇంటికి పూలు ఎందుకు ఇయ్యల్యా?"

పూలామె బుట్ట దించలేదు. "ఎవరికయ్యా?" అంది మెల్లగా.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. మామ గుమ్మం వైపు చూసి, "ఇంటికి" అన్నారు. "ఇంటికి పూలు."

ఆమె మూర పూలు కొలిచి ఆకులో పెట్టి ఇచ్చింది. లోపలికి తీసుకుపోయాక గాని ఆయనకు తెలియలేదు, కట్టిన పూలతో ఏం చేయాలో. కట్టిన పూలకు మన ఇళ్లలో చోట్లు మూడే: ఆడవాళ్ల తల, దేవుడి పటం, పోయినవాళ్ల పటం. తల లేదు. ఏడాది మైల అని దేవుడి గూటికి పూజ లేదు. ఇక మిగిలింది గోడమీది అత్త పటం. దానికి ఆయన వేయలేదు. పూలు పళ్లెంలోనే ఎండిపోయాయి.

మర్నాడు పూలామెను ఆయన అడిగింది విని నేనూ ఆశ్చర్యపోయాను. "కట్టకుండా తీసుకురా. కాడతో కావాల."

"కాడతోనా? కాడ తుంచకుండా ఎవరయ్యా కొంటారు? దారంలో యాడ నిలుస్తాది?"

"దారం వద్దు లేమ్మా."

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా ఎన్ని పూలు నడుస్తాయో చూసినవాళ్లకు తెలుసు. గంపలు గంపలు, బస్సుల మీద, రైళ్లలో. అన్నీ తలలే. కాడతో ఒక్కటీ దొరకదు. పూలామె మొదట విసుక్కుంది, తర్వాత తోటలో చెప్పి చేమంతులు, కనకాంబరం రెమ్మలు కాడతో కోయించింది. మామ వాటిని అత్త వాడిన వెడల్పాటి ఇత్తడి గిన్నెలో నీళ్లుపోసి పెట్టారు. తెల్లారేసరికి అన్నీ అంచుమీద వాలి, తలలు నీళ్లలో పెట్టుకుని ఉన్నాయి. చెంబులో పెడితే పొట్టి కాడలు లోపలికి జారిపోయాయి.

అలా మొదలైంది ఆ మన్ను పని. చవితికి బజారులో కొయ్య అచ్చుల్లో వినాయకుణ్ణి ఒత్తి ఇస్తారే, వాళ్ల దగ్గర మిగిలిన బంకమన్ను ముద్ద తెచ్చుకున్నారు. అరచేతిలో వేసి చదునుచేసి, చీపురు పుల్లతో బెజ్జాలు పొడిచి, ఎండబెట్టి, గిన్నె అడుగున పెట్టి కాడలు గుచ్చారు. ఎంత అందంగా నిలబడ్డాయో! వచ్చి చూడమని నన్ను పిలిచారు కూడా. మర్నాడు పొద్దున గిన్నె నిండా బురద. చవితి వినాయకుణ్ణి ఎందుకు చేస్తామండీ, నీళ్లలో కరిగిపోవడానికే గదా! ఏటా బావిలో నిమజ్జనం చేసే మనిషికి ఆ సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు లెండి. అత్త పోయాక ఆయన నవ్వడం నేను చూసింది ఆ బురద ముందరే. నేను నవ్వుతుంటే చూసి నవ్వారు. నవ్వు ఆగాక నేను వచ్చేశాను.

తర్వాత కాల్చడం నేర్చుకున్నారు. పెరట్లో వేన్నీళ్ల పొయ్యిలో ఊక కూరి, మధ్యలో ఆ బిళ్లలు పాతిపెట్టి, నిప్పు వేసి కడకు పోయేవారు. మొదట్లో అన్నీ పగిలిపోయాయి. ఇసుక కలిపితే కొన్ని మిగిలాయి. సరిగ్గా ఎండకముందే కాల్చేద్దామని నేను తొందరపెడితే, "ఎండనీమ్మా, ఎండనీ. మనకేమన్నా బండి పోతా ఉండాదా?" అనేవారు. నిజమే, మా ఇద్దరికీ పోయే బండి ఏదీ లేదు.

మన్ను ఎండేటప్పుడు ముడుచుకుంటుంది, బెజ్జాలు కూడా చిన్నవవుతాయి. అందుకని కనకాంబరానికి చీపురు పుల్ల, చేమంతికి గొడుగు కమ్మీ, లిల్లీకి పెన్సిలు, ఇలా వేరువేరుగా పొడిచేవాళ్లం. పొడవడం నా పని. బిళ్లలే కాక, దీపం చుట్టూ అమరేలా ఒక కంకణం, గోడవారగా పెట్టేందుకు పొడుగాటి దోనె, కాడ బొత్తిగా లేని మల్లెలకు చిటికెన వేలంత గొట్టాలు చేశారు. ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. వీధిలోవాళ్లు వాటికి 'మన్ను ఇడ్లీలు' అని పేరు పెట్టారు.

"ఏం శెట్టిగారూ, కడ మూసేసి కుండలు చేసేకి దిగినారా?" అని ఎదురింటాయన ఎకసెక్కమాడితే, మామ చేయి కడుక్కుంటూ, "కుండలైతే మీరు కొంటారు గదా. ఇవి మా ఇంటికి" అన్నారు.

అసలు గొడవ సంవత్సరీకానికి వచ్చింది. మామకు తిరుత్తణిలో ఒక అక్క ఉంది, నేను పెద్దమ్మా అంటాను. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. కొండ కింద అంగళ్లలో పెద్ద దండ కట్టించుకుని, తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. తద్దినం అయ్యాక దండ విప్పి పటం వైపు నడిచింది. మామ అడ్డం నిలబడ్డారు.

"వద్దక్కా."

"ఏందిరా వద్దు? ఊరంతా అడగతా ఉండారు. ఏడాదైనా పెండ్లాం పటానికి దండ ఎయ్యలేదంటే ఏమనుకుంటారు?"

"దండ ఏస్తే పొయినట్టే అక్కా."

"పొయ్యింది కదరా!"

అలా అరిచేసి ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. మామ ఏడవలేదు, కోప్పడలేదు. అక్క చేతిలోంచి దండ తీసుకుని దేవుడి పటానికి వేశారు. అత్త పటం కింద గిన్నెలో చేమంతులు తలెత్తుకుని నిలబడి ఉన్నాయి. మామ వాటిలో నీళ్లు మార్చి, కాడల చివర్లు కత్తిరించి మళ్లీ గుచ్చారు. ఇల్లన్నాక పూలుండాలి. ఆ పూలు పోయినవాళ్లకు వేసేవి కాకూడదు. ఆయన పట్టుదల అంతే. పిచ్చి అని మీరంటే నేను కాదనను. ఆ పిచ్చి తోడే లేకపోతే ఆ ఇంట్లో ఆయన ఒక్క ఏడు కూడా బతికేవారు కాదనుకుంటాను. నేనూ బతకలేకపోయేదాన్నేమో. సాయంత్రాలు పెరట్లో ఆయన మన్ను పిసుకుతుంటే, నేను బెజ్జాలు పొడుస్తుంటే, మాటల్లేకపోయినా అది మనిషి తోడు. ఆ తోడు ఎంతటిదో ఆయన ఎదుట ఒక్కసారీ చెప్పలేదు. చెబితే ఆయన లేచి చేతులు కడుక్కునేవారు.

ఏటా అక్క దండ తెచ్చేది. ఏటా అది దేవుడికే పోయేది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

చివరికి మామకు చూపు మందగించి, కడ ఇంకొకరికి అప్పజెప్పాక, ఆ అక్కే వచ్చి తిరుత్తణికి తీసుకుపోయింది. మామ ఊక పోసిన గోతంలో మన్ను బిళ్లలు సర్దుకున్నారు, పటాన్ని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నారు. వెనక వాటాకు తాళం పడింది. సాయంత్రం పూలామె నా గుమ్మం దగ్గర ఆగి, "నీకన్నా కాడతో కావాలా తల్లీ?" అంది. వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు. మామ తిరుత్తణికి పోయేముందు నాకిచ్చిన బిళ్ల ఒకటి బీరువాలో ఉంది. దాన్ని చూస్తే పూలు పెట్టబుద్ధి కాదు, తీసేయబుద్ధీ కాదు.

ఒకసారి కొండ గుడి పండగ ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్లాను. ఊరంతా పూల కావళ్లు, జనం, అరుపులు. ఆ గోలకు వెనక సందులో అక్క ఇంటి తిన్నె మీద మామ ఒక్కరే కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టారు. "ఇన్ని పూలుండాయి ఊర్లో. ఒక్క కాడ దొరకలా ఈ పొద్దు" అన్నారు. అవి ఆయన నాతో అన్న ఆఖరి మాటలు.

పెద్దకర్మకు మళ్లీ వెళ్లాను. అత్త పటం పక్కనే మామ పటం తగిలించారు. అక్క కొండ కింది నుంచి ఈసారి రెండు దండలు తెప్పించింది. మామ పటానికి ఒకటి వేసింది. రెండోది తీసుకుని అత్త పటం ముందు నిలబడింది. ఇన్నేళ్లుగా వేయాలని పోరాడిన దండ. ఇప్పుడు అడ్డం నిలబడేవారు ఎవరూ లేరు. ఆమె చేతులు పటందాకా లేచి ఆగిపోయాయి.

"నువ్వు ఎయ్యమ్మా" అంది నావైపు తిరిగి.

"నావల్ల కాదు పెద్దమ్మా."

ఆమె చేతులు దించింది. "వాడు ఒప్పుకోడే" అంది.

బస్సుకు వేళైందని చెప్పి బయటపడ్డాను. సందు చివర ఆగి వెనక్కి చూశాను. పెద్దమ్మ తిన్నె మీదికి వచ్చి కూర్చుంది. దండ ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. అందులోని తడికి చీర ముందు భాగమంతా తడిసిపోతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, రెండు చేతులతో పట్టుకుని ఆమె అలాగే కూర్చుని ఉంది.