సుభాషిణి కారు, కరీముద్దీన్ మీటరు

కరీముద్దీన్ కార్ల కరెంటు పని చేస్తాడు. మట్టెవాడలో ఆయన దుకాణం ముప్పై ఏళ్లుగా అదే సందులో ఉంది. లారీల వైరింగుతో మొదలుపెట్టిన మనిషి, ఇప్పటి కార్ల ముందు కూడా తడబడడు. కానీ పని మధ్యలో ఎవరైనా సలహా చెబితే ఒళ్లు మండుతుంది. "దవాఖానకు పోయి సూది నువ్వే పొడుచుకుంటవా?" అని మొహం మీదే అడిగేస్తాడు. అంతటివాడికి ఆ డిసెంబర్‌లో ఒక చిన్న తెల్లకారు చుక్కలు చూపించింది.

ఆ కారు నర్సు సుభాషిణిది. కేసముద్రం అవతల ఒక పల్లె దవాఖానలో ఆమెకు డ్యూటీ. సాయంత్రం నిక్షేపంగా ఇంటికొచ్చిన కారు, తెల్లారి తాళం తిప్పితే టిక్కుమనడం తప్ప కదలదు. మొదటిసారి కరీముద్దీన్ వచ్చి, "దీని ఆయుష్షు అయిపోయింది బిడ్డా" అని కొత్త బ్యాటరీ వేశాడు. మూడు రోజులకు మళ్లీ అదే కథ. రెండోసారి అద్దం దగ్గరి కెమెరాను అనుమానించి దాని వైరు పీకేశాడు. ఇక ఫికర్ చేయొద్దని కూడా చెప్పాడు.

నాలుగో రోజు పొద్దున ఆరున్నరకు ఫోను మోగింది.

"చాచా, బండి మళ్ల స్టార్ట్ అయితలేదు. ఫికర్ చేయకన్నవు గదా, మరిప్పుడేం చేయాలె?"

ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. చెప్పులేసుకుంటుంటే భార్య అజ్మత్ బీ చాయ్ గ్లాసు చేతికిస్తూ, "ఒక్క కారుకు మూడుసార్లు పోతే, నీకు పనే రాదనుకుంటరు" అంది. సగం చాయ్ అక్కడే వదిలేసి, దుకాణంలోంచి నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ ఒకటి స్కూటరు మీద పెట్టుకుని బయలుదేరాడు.

సుభాషిణి యూనిఫాం మీదే వాకిట్లో నిలబడి ఉంది. కరీముద్దీన్ ఆమె మొహంలోకి చూడలేదు. బ్యాటరీ మార్చాడు, కానీ ఇంజన్ స్టార్ట్ చేయలేదు. బ్యాటరీకీ దాని నల్ల వైరుకూ మధ్య మీటరు కట్టాడు. ఆగి ఉన్న కారు ఎంత కరెంటు తాగుతోందో ఇప్పుడు మీటరు చెబుతుంది. అయితే ఈ కాలం కార్లు తాళం వేయగానే నిద్రపోవు. లోపలి కంప్యూటర్లన్నీ సద్దుమణగడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. తలుపు తీస్తే మళ్లీ మొదటికే.

పది నిమిషాలు కాకముందే మీటరులో అంకె ఎగిరింది. తలెత్తి చూస్తే సుభాషిణి మామ రాజమౌళి, తలుపు తీసి సీటు మీద వెతుకుతున్నాడు.

"అన్నా, ఏం చేస్తానవ్?"

"కండ్లద్దాలు తమ్మీ. నిన్న కార్లనే మర్చిపోయిన."

కరీముద్దీన్ పళ్లు కొరుక్కుని మళ్లీ లెక్క మొదలుపెట్టాడు. పదిహేను నిమిషాలకు అంకె మళ్లీ ఎగిరింది. ఈసారి రాజమౌళి వెనక డిక్కీ ఎత్తాడు.

"డిక్కీల లైటు బందయిందో లేదో చూసిన. ఎవలన్నా చూడాలె గదా."

"నువ్వు మూత ఎత్తితే అది వెలుగుతది గదనే! నీకు దండం పెడ్త, జర ముట్టకు!"

తాళంచెవి లాక్కుని జేబులో వేసుకున్నాడు. చివరికి కారు నిద్రపోయింది. అయినా మీటరులో రెండు ఆంప్స్ అలాగే ఉన్నాయి. ఆగి ఉన్న కారుకు అందులో యాభయ్యో వంతు కూడా ఎక్కువే. ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకాడు. లైట్లు, పాటల పెట్టె, ఏసీ, హారన్ అన్నీ అయ్యాయి. ఫ్యూజులు గుడ్డ మీద కుప్పయ్యాయి గానీ అంకె కదల్లేదు.

"దీని తాత..." అని తిట్టబోయి, సుభాషిణి అక్కడే ఉందని గుర్తొచ్చి మింగేశాడు. ముప్పై ఏళ్ల పని ఈ అరచేతిలో పట్టే మీటరు ముందు నవ్వులపాలవుతోందని ఉక్రోషం ముంచుకొచ్చింది. నడుం నొప్పి పుట్టి, ఇంజన్ మీద చెయ్యి ఆనించి వంగాడు. ఇనుము మంచులా చల్లగా ఉంది. చెయ్యి కొంచెం కిందికి జారింది. అక్కడ మాత్రం గోరువెచ్చగా తగిలింది.

అది ఆల్టర్నేటర్, ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీకి చార్జ్ ఎక్కించేది. నిన్న సాయంత్రం నుంచి తిరగని ఇంజన్లో అదెందుకు వేడెక్కాలి? బ్యాటరీ వైరు తీసి, ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావు వైరు ఊడదీసి టేపు చుట్టాడు. మళ్లీ మీటరు కట్టాడు. ఈసారి అంకె సున్నా పక్కకొచ్చి నిలబడింది.

"దొరికిందా?" అంది సుభాషిణి.

"దొరికింది బిడ్డా. దీంట్ల డయోడ్ పోయింది. కరెంటు బ్యాటరీలకు పోవుడే గాని వెనక్కి రావద్దు. ఇది రాత్రంతా వెనక్కి గుంజుతాంది. ఈ వైరుకు చిన్న ఫ్యూజులతోని సంబంధం లేదు, అందుకే అవి పీకినా తెల్వలే." మీటరు వైరు చుట్టాడు. "నీ పాత బ్యాటరీ మంచిదే ఉండె. నేనే చూడకుంట మార్చిన. తప్పు నాదే."

"మూడుసార్లు డ్యూటీకి లేటయింది చాచా," అంది ఆమె. పర్వాలేదని మాత్రం అనలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సుకు నడిచింది.

ఆయన ఆల్టర్నేటర్ విప్పుకుపోయి, డయోడ్ల పలక కొత్తది వేసి, సాయంత్రానికల్లా బిగించాడు. మర్నాడు పొద్దున ఆరున్నరకు తనే ఫోన్ చేశాడు.

"స్టార్ట్ అయిందా బిడ్డా?"

"అయింది. కానీ నాకింక నమ్మకం కుదుర్తలేదు."

ఆ మాటకు చిరాకొచ్చినా, అనే హక్కు ఆమెకుందనుకున్నాడు. రెండో రోజూ చేశాడు, మూడో రోజూ చేశాడు. అయిదో రోజు ఫోను రాజమౌళి ఎత్తాడు.

"కోడలు ఫోను ఇంట్లనే మర్చి, పొద్దుగాలనే దవాఖానకు పోయింది తమ్మీ. కారు మంచిగనే ఉన్నది. నువ్వే జర నిమ్మళంగుండు."