ఏడోవాడి మాట

అనంతగిరి దాటి రెండు మలుపులు దిగామో లేదో, జీపు ఫ్యాన్ బెల్టు తెగింది. డ్రైవరు సోంబరు బానెట్టు ఎత్తి లోపలికి ఒకసారి చూసి, అందరినీ దిగమన్నట్టు చెయ్యి ఊపాడు. పన్నెండుమందిమి దిగాం. కాఫీ పళ్ళు కోసే రోజులు, పొగమంచు ఇంకా విడలేదు. నేను ఎస్.కోట వెళ్ళాలి, వెళ్ళి చేయవలసిన పనంటూ ఏమీ లేదు. అలాంటి ప్రయాణంలో బండి ఆగితే నాకు కోపం రాదు. పక్కవాడితో మాట కలపడానికి అంతకన్నా మంచి అదను దొరకదు.

రోడ్డంచు పిట్టగోడ మీద నా పక్కన కూర్చున్నతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో అయిదేళ్ళ పిల్ల. పేరేమిటని అడిగితే నవ్వాడు. ఊరేదంటే కొండ పైకి చూపించాడు. మూగవాడు కాబోలని జాలిగా తల ఊపాను.

"మూగోడు కాదు బాబూ," అంది వెనకనుంచి యాభై దాటిన ఒక ఆవిడ. "మా తమ్ముడు బర్నబా. నోరుంది గానీ దాన్ని వాడడు."

ఆవిడ ఆనందమ్మ. సాలూరులో ఒక హాస్టల్లో వంట చేస్తుంది, పిల్లలు లేరు. తమ్ముడి కూతురు డాలీని ఇప్పుడు తనతో తీసుకుపోతోంది, అక్కడే ఉంచి పెంచడానికి. బర్నబా ఎస్.కోటలో వాళ్ళని బస్సెక్కించి వెనక్కి రావాలి. పిల్ల తల్లి ఏడుస్తూ, వాళ్ళు పనిచేసే కాఫీ తోటలోనే ఉండిపోయిందట. ఎందుకు తీసుకుపోతున్నదీ నేను అడగకుండానే ఆవిడ చెప్పుకొచ్చింది. బర్నబా మాత్రం, ఎవరి సంగతో వింటున్నట్టు, పిల్ల స్వెటరు బొత్తాలు పెడుతూ కూర్చున్నాడు.

వాళ్ళు ఏడుగురు. ఆనందమ్మ మొదటిది, బర్నబా ఆఖరివాడు. ఒక్క గంజికుండ చుట్టూ ఏడు నోళ్ళు. చిన్నవాడు "నాకు" అనేలోపు కుండ అడుగంటేది. మాట మొదలుపెట్టి చివరిదాకా చెప్పే వ్యవధి వాడికి ఎవరూ ఇవ్వలేదు, అందుకే నత్తి పట్టుకుంది అని ఆ ఇంటి నమ్మకం. తమ్ముడి మాట ఆగినచోటల్లా అక్కే అందుకుని పూర్తిచేసేది. బడిలో చేర్చిన రోజు మాస్టారు పేరడిగితే "బ" దగ్గరే నిలిచిపోయాడు. మిగతాది ఆవిడ చెప్పింది. పెళ్ళిలో పాస్టరు గారు ఈ అమ్మాయి నీకు ఇష్టమేనా అని అడిగినప్పుడు చర్చిలో అందరూ ఊపిరి బిగబట్టారు. వెనక వరసలోంచి ఆనందమ్మ "ఇష్టమేనండీ" అనేసింది.

"ఆ పిల్లని నానే పెళ్ళి సేసుకున్నట్టయింది బాబూ," అని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. బర్నబా కూడా నవ్వాడు. అలవాటైన నవ్వు.

నత్తి గురించి నేను చదివింది కొంత ఉంది. విశాఖలో పేవ్‌మెంటు మీద కొన్న పాత పుస్తకాల్లో కొంత, మోకాలి నొప్పికి వెళ్ళిన ఆసుపత్రి వరండాలో దొరికిన పత్రికల్లో కొంత. తొలిచూలు బిడ్డలకి ఎక్కువని ఒకరు రాస్తారు, కాదు ఆఖరివాళ్ళకని ఇంకొకరు, ఒక్కగానొక్క బిడ్డలకని మరొకరు. చివరికి ఏదీ గట్టిగా తేలినట్టు కనపడదు. అంత చదువుకున్నవాళ్ళు తేల్చలేనిది ఈ ఇంట్లో గంజికుండ దగ్గరే తేలిపోయింది.

చిక్కు డాలీతో వచ్చింది. మూడో ఏట ఆ పిల్ల మాట కూడా మొదటి అక్షరం దగ్గర ఆగడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్కతే బిడ్డ. తోసేవాళ్ళు లేరు, లాక్కునేవాళ్ళు లేరు. ఆ పిల్ల ఎప్పుడు నోరు విప్పుతుందా అని అందరూ ఎదురుచూసేవాళ్ళే. మరి దీనికెందుకు వచ్చినట్టు? ఆనందమ్మే ఆలోచించి తేల్చింది. ఆఖర్న పుట్టడం వల్ల కాదు కాబట్టి, తండ్రిని విని నేర్చుకుంది.

ఆ రోజునుంచి బర్నబా కూతురి ముందు నోరెత్తలేదు. రెండేళ్ళయింది. పిలవాలంటే ఈల వేస్తాడు. అన్నానికి ఒక ఈల, తోటలోంచి ఇంటికి రమ్మనడానికి ఒకటి. ఆ పిల్ల, తండ్రి గొంతు వినేది ఆదివారం చర్చిలోనే. పదిమందితో కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు అతని మాట ఎక్కడా తడబడదు; నత్తి ఉన్న చాలామందికి అలాగే జరుగుతుంది. అంతసేపూ డాలీ, తండ్రి డొక్కకి చెవి ఆనించి నిలబడుతుందట.

అయినా పిల్లకి తగ్గలేదు. "తోటలో కూలోళ్ళతో మాటాడతాడు కదా, ఆ మాట గుంట గాలికి ఇంటాది. దూరంగా ఉంటే పోద్ది," అంది ఆనందమ్మ.

నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ చదివినవాడి నోరు ఊరుకోదు. ఇది విని నేర్చుకునేది కాదమ్మా అన్నాను. మీ పెద్దల్లో ఎవరికైనా ఉండేదా అని అడిగాను. ఆవిడ తమ తాతకి ఉండేదని, ఆయన మాట్లాడుతుంటే పిల్లలందరూ నవ్వేవాళ్ళని చెప్పింది. అలా వంశంలో దిగుతూ రావచ్చు, ఎవరి తప్పూ కాదు అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను.

బర్నబా నావైపు తిరిగాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"ఐ... ఐతే బాబూ, నా... నాను మాటాడినా అదే, మా... మానీసినా అదేనా?"

"అదే," అన్నాను. చాలామంది పిల్లలకి దానంతట అదే పోతుందని కూడా చేర్చాను. అతను వినలేదు. డాలీ, తండ్రి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నాన్నా, మ... మళ్ళీ అను."

అతను పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి నిమిరాడు.

ఇంతలో సోంబరు కొత్త బెల్టు బిగించి హారన్ కొట్టాడు. అందరూ ఎక్కుతున్నారు. బర్నబా లేచి, సీటు కిందనుంచి పిల్ల బట్టల సంచీ లాగి భుజాన వేసుకున్నాడు. డాలీని చంకనెత్తుకున్నాడు. కొండ ఎక్కేవైపు తిరిగి నిలబడ్డాడు. పిల్లని ఇంటికి తీసుకుపోతున్నాడని నాకు అర్థమైంది.

"ఏటి సేత్తన్నావురా? బేగి ఎక్కు," అంది ఆనందమ్మ.

"అప్పా, డా... డా..."

"డాలీని బాగా సూడమంటావు, అంతేనా? నాను సూడనేటిరా?" ఆవిడ దగ్గరికొచ్చి సంచీ అందుకుంది. "ఇక్కడినుంచే తిరిగిపోతావా? పో. అదే మంచిది. కోట దాకా వస్తే గుంట ఇంకా ఏడుస్తాది."

ఆవిడ గొంతులో ప్రేమే ఉంది. చిన్నప్పుడు బర్నబాని మోసిన చేతులతోనే పిల్లని తీసుకుని జీపులో కూర్చోబెట్టుకుంది. అతను ఇంకా "డా" దగ్గరే ఉన్నాడు. జీపులోవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆ వాక్యంలో మిగిలింది నాకు తెలుసు. చెప్పవచ్చు. కానీ నేను కూడా అతని మాట లాక్కోవడమా, ఈ ఒక్కసారైనా తనే చెప్పుకోనిద్దామా అని తటపటాయించాను. ఆ కాస్త సేపట్లోనే సోంబరు నన్ను లోపలికి లాగి గేరు వేశాడు.

బర్నబా పెదవులు కొంతసేపు కదిలి ఆగాయి. అక్కకి గానీ, నాకు గానీ, కిటికీలోంచి చెయ్యి చాపిన కూతురికి గానీ ఏమీ చెప్పకుండా, అతను వెనుదిరిగి మంచులో పైకి నడిచిపోయాడు.